జవాబులు నేర్పిన క్లాసు

బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఒక సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాని మీది అంతస్తు మహిపాల్‌ది. గల్ఫ్ కంపెనీలకు కూలీలను కుదిర్చి పంపడం అతని పని. పిట్లం నుంచీ, పెద్ద కొడప్‌గల్ నుంచీ, అటు డోంగ్లి దిక్కు నుంచీ మనుషులు పాస్‌పోర్టును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవరును చొక్కా లోపల దాచుకొని ఆ మెట్లు ఎక్కుతుంటారు. ఒక చలికాలం సాయంత్రం అంబిక కూడా ఆ మెట్లెక్కింది. ఆమె గల్ఫ్ పోవడానికి రాలేదు. పోయేవాళ్లకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది.

అంబికకు ముప్పై దాటాయి. ఇంగ్లీషు ఎమ్మే చేసింది, బీయెడ్ చేసింది. టీచరు పోస్టుల పరీక్షలో రెండుసార్లు అంచు దాకా వెళ్లి జారింది. ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు రంగుల పేర్లూ కూరగాయల పేర్లూ వల్లె వేయిస్తూ రోజులు నెట్టుకొస్తోంది. తండ్రి ప్రభుదాస్ దవాఖానలో వార్డుబాయ్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో వాళ్లిద్దరే. మహిపాల్ కబురు పెట్టినప్పుడు ఆమెకు డబ్బు కన్నా ఇంకో ఆశ ఎక్కువైంది. పెద్దవాళ్లకు చెప్పాలి. చదువు నిజంగా అక్కరకొచ్చే వాళ్లకు చెప్పాలి.

మొదటి రోజు గదినిండా మగవాళ్లే. పొలం నుంచి నేరుగా వచ్చినవాళ్ల కాళ్లకు ఇంకా బురద ఎండి ఉంది. అంబిక బోర్డు మీద నౌన్ అని రాసింది, కింద వర్బ్ అని రాసింది. రెండింటికీ తేడా చెప్పి వెనక్కి తిరిగి చూస్తే, అందరూ చావింటికి వచ్చి కూర్చున్నట్టు తలలు దించుకొని ఉన్నారు. మూడో రోజుకు గది సగం ఖాళీ అయింది.

మహిపాల్ ఆమెను పక్కకు పిలిచాడు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాడే. మెడ మీద ఎండకు మాడిన మచ్చ ఇప్పటికీ పోలేదు.

"మేడం, మీరు చదువుకున్నోళ్లు, నేను చెప్పొద్దు. కానీ గా నౌనుతోని వీళ్లేం జేస్తరు? ఇంటర్వ్యూ దగ్గర పడ్డది. కంపెనీ ఆయన వీడియోల నాలుగు ముచ్చట్లడుగుతడు. నాలుగిటికీ మొఖం తెల్లగ పెట్టకుంట జవాబు జెప్తె సాలు. గది నేర్పుండ్రి."

ఆ రాత్రంతా ఆమె మనసు మనసులో లేదు. తనకు పాఠం చెప్పడం రాదని ఎవరూ ఇంతవరకూ అనలేదు. తెల్లారి బడికి పోతూ, బస్సులో కూర్చొని ఫోన్‌లో ఎక్కడెక్కడి పంతుళ్ల వీడియోలు చూసింది. వేరే భాష మాట్లాడేవాళ్లకు ఇంగ్లీషు ఎట్లా చెప్పాలో ఒకాయన విడమరిచి చెప్తున్నాడు. ఒక మాటను పట్టుకొని మళ్లీ మళ్లీ పలికించాలట. ఆలోచన అడ్డం రాకుండా, అడగ్గానే జవాబు నోట్లోంచి దూకాలట. అంబికకు అది నచ్చింది.

ఆ రోజు బోర్డు తుడిచేసింది. కుర్చీలు గోడకు నెట్టించింది. అందరినీ నిలబెట్టి, తనే ఫోర్‌మన్‌నని చెప్పి, చేతులు వెనక్కి కట్టుకొని వాళ్ల మధ్య తిరుగుతూ ఇంగ్లీషులో గదమాయించింది. వాళ్లు అనాల్సింది ఒక్కటే. ఎస్ సర్. నో ప్రాబ్లమ్ సర్. మొదట నవ్వులాటగా మొదలైంది. కాసేపటికి గది మారుమోగింది. కింద దుకాణం పిల్లాడు పైకి వచ్చి చూసి పోయాడు. ఎంత తొందరగా అడిగినా అంతే తొందరగా జవాబు వస్తోంది. అంబికకు చెమటలు పట్టాయి, ఒళ్లంతా హుషారు పట్టింది. ఇన్నేళ్ల చదువులో తాను టీచరునని మొదటిసారి అనిపించింది.

ఆ క్లాసులో ఇద్దరు ఆమెకు బాగా దగ్గరయ్యారు.

ఒకడు తౌహీద్. బాన్సువాడవాడే, బైకు మెకానిక్కు దగ్గర పనిచేసేవాడు. గోళ్లలో గ్రీజు ఎప్పుడూ పోదు. తల్లి చిన్నప్పుడే చనిపోతే అక్క రెహానా మిషను కుట్టి పెంచింది. దక్కనీ, తెలుగు రెండూ నీళ్లలా మాట్లాడేవాడు, ఇంగ్లీషు కూడా ఇట్టే పట్టుకునేవాడు.

రెండోవాడు సమ్మన్న. పెద్ద కొడప్‌గల్ దగ్గరి పల్లె. నలభై పైబడినవాడు. నోరు తిరగదు, అక్షరం ముక్క రాదు. మొదటి వారం అతని నోట ఒక్క ఇంగ్లీషు మాట పలికించలేక అంబిక విసిగిపోయింది. ఒకనాడు మాటల్లో, ఊళ్లో భజనలో కూర్చుంటానని చెప్పాడతను. ముందు పాడేవాడు చరణం అందుకుంటే వెనక దాన్నే పాడేవాళ్లలో ఒకడు.

"అర్థం నాకెరుకలేదు మేడం. గాయన ఎట్లంటె అట్ల అంట. శెవులకు పోతె సాలు, నోట్లకెల్లి అదే వస్తది."

"అయితే ఇక్కడ కూడా అట్లనే అనన్నా. నేను ముందు పాట, నువ్వు వెనకపాట," అంది అంబిక.

అంతే. సమ్మన్న నాలుక వదులైంది. ఆమె ఏ మాట ఎట్లా అంటే అట్లా, ఆ ఎత్తూ ఆ దిగుడుతో సహా అనేవాడు. పక్కవాళ్లు నివ్వెరపోయేవారు. అంబిక ఇంటికెళ్లి తండ్రికి ఆ సంగతి రెండుసార్లు చెప్పింది.

ఒక సాయంత్రం తౌహీద్ చెయ్యెత్తాడు.

"మేడం, ఒకటడుగుత. వాడు ఏం అడిగిండో మనకు సమజ్ కాకపోతె?"

"కాకపోయినా ఎస్ సర్ అను. తర్వాత పక్కోణ్ణి అడిగి తెలుసుకో. గుడ్లప్పగించి నిలబడితే వీడికేం రాదని తీసేస్తరు."

"సమజ్ కాకుంటనే ఎస్ అనాలె?"

"ఇంటర్వ్యూల అనాలె తౌహీద్."

గుమ్మంలో నిలబడ్డ మహిపాల్ తల ఊపాడు. "సై. మేడం మంచి మాట జెప్పింది."

ఇంటర్వ్యూ రోజు లాప్‌టాప్ ముందు ఒక్కొక్కణ్ణి కూర్చోబెట్టారు. అంబిక గోడవారగా నిలబడి, తనకే పరీక్షలా పిడికిళ్లు బిగించుకుంది. సమ్మన్న వంతు వచ్చింది. ఎండలో పని చేయగలవా అన్నాడు తెరమీది మనిషి. ఎస్ సర్, నో ప్రాబ్లమ్ సర్ అన్నాడు సమ్మన్న. ఏమైనా జబ్బులున్నాయా అని అడిగాడు. సమ్మన్న అదే గొంతుతో, అదే ధీమాతో ఎస్ సర్, నో ప్రాబ్లమ్ సర్ అన్నాడు. తెరమీది మనిషి పకపకా నవ్వి, టిక్కు పెట్టుకొని పొమ్మన్నాడు. గదిలో అందరూ నవ్వారు. అంబిక కూడా కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ పూట మహిపాల్ అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించాడు.

నెల తిరక్కుండానే వాళ్లు వెళ్లిపోయారు. తౌహీద్, సమ్మన్న ఒకే కంపెనీ, ఒకే గది. తౌహీద్ అప్పుడప్పుడు ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపేవాడు. నేల కింద పెద్ద పైపులు వేసే పనట. సమ్మన్నకు నేనే నోరు, నేనే చెవి అని నవ్వేవాడు. అంబిక క్లాసుకు పేరొచ్చింది. పిట్లం నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్లు. ఆమె కూడా తన పద్ధతికి పదును పెట్టుకుంది. ఇంటర్వ్యూలో అడగ్గానే చెప్పాల్సిన జవాబులే నేర్పేది. బడిలో పని మానేసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మహిపాల్ ఫోన్ చేశాడు.

"తౌహీద్ పోయిండు మేడం. గుంతల ఉంటె మీద ఇసుక పడ్డదట."

శవం రావడానికి వారాలు పట్టింది. పెట్టె వచ్చిన రోజు రెహానా ఇంటి ముందు సందంతా మనుషులే. అంబిక ఆడవాళ్ల మధ్య గోడకానుకొని కూర్చుంది. రెహానా ఏడవలేదు. ఒళ్లో కుట్టు సగమైన గుడ్డ ఏదో పట్టుకొని, దాని అంచును వేళ్లతో మడుస్తూ విప్పుతూ ఉంది. మగవాళ్లు పెట్టెను ఎత్తుకొని పోతున్నప్పుడు మాత్రం లేచి తలుపు దాకా వచ్చి, "మొఖం ఎవలన్న సూసిండ్రా?" అని అడిగింది. మోసేవాళ్లు ఆగకుండా సందు మలుపు తిరిగారు.

ఎట్లా జరిగిందని అడిగితే కంపెనీవాళ్లు ఒక్క ముక్క చెప్పారట. తప్పు కంపెనీది కాదు, పక్కన ఉన్న తోటి కూలీది. ఆ కూలీ ఎవరో బాన్సువాడలో ఎవరికీ తెలియలేదు.

*

ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారం, అంబిక చర్చి నుంచి వచ్చి వాకిట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. గేటు దగ్గర మనిషి అలికిడైంది. చూస్తే సమ్మన్న. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. దవడలు లోపలికి పోయాయి. వేసుకున్న కొత్త చొక్కా హ్యాంగరుకు తగిలించినట్టు ఉంది.

ప్రభుదాస్ కుర్చీ వేశాడు. అతను కూర్చోలేదు, గోడవార కింద కూలబడ్డాడు. మంచినీళ్ల చెంబు ఇస్తే గటగటా తాగి, చెంబును ఒళ్లోనే పెట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చినవన్నా?" అంది అంబిక.

అతను వెంటనే చెప్పలేదు. ఆమె మొఖంలోకి చూశాడు, ఆ మాటను లోపల తిప్పి తిప్పి చూసుకుంటున్నట్టు.

"మొన్న. పంపిచ్చిండ్రు."

ఇంకాసేపటికి తనే మొదలుపెట్టాడు.

"తౌహీదు గుంతల కింద ఉన్నడు మేడం. పైపు జాయింటు బిగిస్తుండు. ఇంకిద్దరు అప్పుడే పైకెక్కి నీళ్లకు పోయిండ్రు. నేను ఒడ్డు మీద ఉన్న. ఎప్పుడుండే ఫోర్‌మన్ హిందీ మాట్లాడ్తడు, గా దినం ఆయన రాలే. కొత్తాయనొచ్చిండు. ఏ దేశమో నాకెర్కలేదు. హిందీ రాదు. ఆయన ఇంగ్లీషు మీ ఇంగ్లీషు లెక్క లేదు, మాటను సగం మింగుతడు. జేసీబీ కాడ నిలబడి నా మొఖం జూసి ఏందో అడిగిండు."

ప్రభుదాస్ లోపలికి పోబోయినవాడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నేను జెప్పిన. ఆయన చెయ్యి లేపిండు. జేసీబాయన ఇసుక గుమ్మరిచ్చిండు. ఆగు, ఆగు అని నేను ఒర్రిన మేడం. తెలుగుల ఒర్రిన. ఆడ ఎవలికి తెలుస్తది తెలుగు. ఉరికిపోయి జేసీబాయన కాలు పట్టుకునేసరికి రెండో బకెట్ గూడ పడ్డది."

అంబిక చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉంది.

"ఆఫీసుల కూసబెట్టి శానసేపు అడిగిండ్రు. ఒకాయన అడుగుడు, ఒకాయన రాసుడు. అన్నిటికి నాకొచ్చిందే అన్న. కాయితం మీద ఏలుముద్ర పెట్టుమంటె పెట్టిన. తర్వాత ఇమానమెక్కిచ్చిండ్రు." చెంబును నేల మీద పెట్టాడు. "నేనొచ్చింది దానికి గాదు. గాయన ఏమడిగిండో గది నాకు యాదికుంది మేడం. అర్థం తెల్వది. ఎవలనడుగాలె? మీరే గద నేర్పిండ్రు. జర చెప్పుండ్రి."

కళ్లు మూసుకున్నాడు. మెడ కొంచెం ముందుకు చాచి, వేరే మనిషి గొంతుతో, ఆ విసురుతో, చివర మాటను పైకి లేపి అన్నాడు. "ఎవ్రిబడౌట్? క్లియర్?"

అంబికకు మొదటిసారికే తెలిసిపోయింది. కానీ ఆమె నోట వచ్చిన మాట వేరు.

"సరిగ్గా తెలుస్తలేదన్నా. మధ్యల మాటలు పోయినట్టున్నయ్."

"పోలే మేడం. గింతే అన్నడు." మళ్లీ అన్నాడు. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఒక్క అక్షరం తగ్గకుండా. భజనలో చరణాన్ని అప్పజెప్పినట్టే.

అబద్ధం చెప్పవచ్చు. జాగ్రత్త అన్నాడనో, పక్కకు జరగమన్నాడనో చెప్పి పంపేయవచ్చు. ఈ మనిషికి తన మాట మీద ఉన్న నమ్మకానికి ఏం చెప్పినా నమ్ముతాడు. అంబిక గుమ్మంలో నిలబడ్డ తండ్రి వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

"అందరు బయటికొచ్చిండ్రా, అని అడిగిండన్నా," అంది.

సమ్మన్న పెదవులు కదిలాయి. ఇంగ్లీషు మాటనూ తెలుగు మాటనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాడని ఆమెకు అర్థమైంది. చాలాసేపటికి అతను తల ఊపాడు.

"నేను సరే అన్న," అన్నాడు.

"నేనే నేర్పిన అట్లనుమని. అర్థం గాకపోయినా అనుమన్న. తౌహీదు అడిగిండు కూడ. తప్పు నాదన్నా, నీది గాదు."

"మీరు మంచిగనే నేర్పిండ్రు మేడం," అన్నాడు సమ్మన్న. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. "మంచిగ నేర్పిండ్రు గాబట్టే నోట్ల నుంచి గంత బిరాన వచ్చింది. జర ఆగి వస్తె బాగుండు అని, గంతే."

వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం. ఏ భాషైనా ఈ వరుసలోనే నేర్పాలని బీయెడ్ పరీక్షలో పేజీలకు పేజీలు రాసింది అంబిక. మంచి మార్కులు వచ్చాయి. మహిపాల్ మేడ మీద ఆమె మొదటి మెట్టును ఎగిరి దాటించింది. ఎవరి చెవికీ ఏ ప్రశ్నా నేర్పలేదు.

పోయేముందు సమ్మన్న అడిగాడు. "తౌహీదు అక్కకు చెప్పాలె. నాతోని వస్తరా?"

రెహానా మిషను ముందే కూర్చొని ఉంది. అంబికను చూసి లేవబోయి, వెనక ఉన్న మనిషిని చూసి ఆగింది. సమ్మన్న వాకిలి దాటి లోపలికి రాలేదు. గడప అవతలే చేతులు కట్టుకొని నిలబడి, అంబికకు చెప్పినదంతా మళ్లీ చెప్పాడు. ప్రశ్న ఏమిటో, దానికి అర్థం ఏమిటో, తను ఏమన్నాడో. ఒక్క మాట దాచుకోలేదు. మధ్యలో మిషను చక్రం మీద రెహానా చెయ్యి బిగుసుకుపోయింది.

"నా తమ్ముడు కింద ఉన్నడని నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"తెలిసి గూడ."

"గాయన ఏమడిగిండో తెల్వదక్కా."

అంబిక ముందుకొచ్చింది. "రెహానక్కా, నేనే వీళ్లకు..." అని మొదలుపెట్టి, పూర్తి చేయలేక ఏడ్చేసింది.

"నువ్వేడ్వకు అంబికా." రెహానా గొంతు పెరగలేదు. "నువ్వేడిస్తె నిన్ను నేను సముదాయించాలె. నాతోని గాదు. మీ ఇద్దరు ఇది చెప్పి బరువు దించుకుంటుండ్రు. దించుకొని ఏడ వెడ్తుండ్రు? నా ఇంట్లనే గద."

లేచి లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. సమ్మన్న మూసిన తలుపుకు దండం పెట్టి బస్టాండు దారి పట్టాడు.

*

మరుసటి రోజు అంబిక మహిపాల్‌కు అంతా చెప్పింది. అతను విని, మెడ మీది మచ్చను రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"తౌహీదు నసీబు గట్లుండె మేడం. మీ తప్పేముంది దీంట్ల."

"ఇప్పటిసంది మొదలు ప్రశ్నలు నేర్పుత. ఎవరేమడిగినా చెవికి తెలవాలె. తెల్వకపోతె తెల్వలేదని చెప్పనీకి రావాలె. ఆగుమని ఒర్రనీకి రావాలె. దానికి రెండు నెల్లన్న పడ్తది."

"రెండు నెల్లు ఎవలాగుతరు? పొలం కౌలుకిచ్చి, ఉన్నదమ్ముకొని కూసున్నోళ్లు." మహిపాల్ కోపంగా అనలేదు. "నేనూ చేసొచ్చిన ఆడ. తెల్వదు, కాదు అన్నోడు తెల్లారి ఎయిర్‌పోర్టుల ఉంటడు. కంపెనీకి గావాల్సింది ఊ అనేటోళ్లు. మీరు గాకుంటె ఇంకొకలు నేర్పుతరు. మీరు నేర్పింది ఫోన్ల రికార్డు జేస్కున్నోళ్లు నా దగ్గరనే నలుగురున్నరు."

అంబిక తన డస్టరూ మార్కర్లూ తీసుకొని మెట్లు దిగింది.

చర్చి పక్కన పాత సామాన్లు పెట్టే గది ఒకటి ఉంటే పాస్టరుగారిని అడిగి, అందులో క్లాసు మొదలుపెట్టింది. కిరాయి లేదు, ఫీజూ లేదు. ఏడుగురు వచ్చారు. ఈసారి మొదటి వారం ఎవరినీ నోరు తెరవనీయలేదు. ఆమె అడుగుతుంది, వాళ్లు వినాలి. ఎందరు, ఎక్కడ, ఎవరు, అయిపోయిందా, ఉన్నారా. అర్థమైతే వేలితో చూపాలి, కాకపోతే చెయ్యి అడ్డంగా ఊపాలి. తన గొంతు ఒక్కటే వింటే చాలదని, ఫోన్‌లో రకరకాల దేశాలవాళ్ల ఇంగ్లీషు వెతికి వినిపించేది. ఒకడు మాటను మింగుతాడు, ఒకడు సాగదీస్తాడు. మొదట్లో ఆమెకే సగం అర్థమయ్యేది కాదు. రాత్రి విని రాసుకొని, పొద్దున నేర్పేది. పాఠం మెల్లగా, నత్తలా నడిచింది.

అసలు కష్టం రెండో నెలలో వచ్చింది. నో సర్ అనాలి. నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అనాలి. స్టాప్ అని గొంతెత్తి అరవాలి. హేమ్లా అని తండా కుర్రాడు ఒకడుండేవాడు. ఇంట్లో లంబాడీ మాట్లాడతాడు, తెలుగే అతనికి రెండో భాష. వినడంలో అందరికన్నా ముందుండేవాడు. కానీ నో అనమంటే తల దించుకొని గొణిగేవాడు.

"గట్టిగ హేమ్లా. నా మొఖం జూసి అను."

"వస్తలేదు మేడం. మా నాయన గూడ పటేలు ముంగట ఎన్నడు కాదనలే. నోరు లేస్తలేదు."

"మాట తెలుసు గద నీకు."

"మాట తెలుసు. అంటె కొడ్తరు గద."

ఏ బీయెడ్‌లోనూ ఆ పాఠం లేదు. మరుసటి వారం హేమ్లా రాలేదు. మహిపాల్ మేడ మీద ఇంటర్వ్యూ పాసయ్యాడని, పోవడం ఖాయమైందని మిగతావాళ్లు చెప్పారు. వర్షాకాలం పోయేసరికి గదిలో ఇద్దరు మిగిలారు. చలికాలానికి ఒక్కడు. ఆ ఒక్కడికీ క్లాసు చెప్పింది. అతనూ పోయాక, వేరే ప్రైవేటు బడిలో చేరి, మళ్లీ రంగుల పేర్లు వల్లె వేయించింది.

రెహానాతో మళ్లీ మాటలు కలవలేదు. చౌరస్తాలో ఎదురుపడితే రెహానా పక్కకు జరిగి దారి ఇచ్చేది. అంతే.

యాసంగి కోతలప్పుడు అంబిక ఒకసారి సమ్మన్న ఊరికి వెళ్లింది. ఎందుకు వెళ్తోందో తనకే సరిగ్గా తెలియదు. అతని భార్య పూలమ్మ ఇంట్లో లేదు, కల్లం దగ్గర ఉందంటే అక్కడికి నడిచింది. వడ్లు ఆరబోసి ఉన్నాయి. దుమ్ము లేస్తోంది. పూలమ్మ కొంగుతో మొఖం తుడుచుకొని, వచ్చింది ఎవరో తెలుసుకొని, చేతిలోని చీపురు కింద పెట్టింది.

"మంచిగనే ఉన్నడా?" అడిగింది అంబిక.

"తింటడు. పని జేస్తడు. ఏదన్న అడుగుతెనే కష్టం. అన్నం పెట్టాల్నా అని అడిగినా గింతసేపు నా మొఖం జూస్తడు. ఊ అనడు, ఊహూ అనడు. సచ్చిపోయిన పిల్లగాడు రోజు కలలకొస్తడట. ఊళ్లె పిలిచేటోళ్లు గూడ తక్కువైండ్రు." ఆమె అటువైపు చూపించింది. "గిట్ల జేస్తె ఎవలు పిలుస్తరు, మీరే సూడుండ్రి."

కల్లం అంచున ట్రాక్టరు వెనక్కి రాబోతోంది. డ్రైవరు మెడ తిప్పి, "ఎన్క ఎవలన్న ఉన్నరానే?" అని కేకేశాడు. దగ్గరలో ఉన్నది సమ్మన్న ఒక్కడే. అతను జవాబు చెప్పలేదు. చేతిలోని పార కింద పెట్టి ట్రాలీ వెనక్కి పోయాడు. చుట్టూ తిరిగాడు. వంగి చక్రాల సందులోకి చూశాడు. మళ్లీ చుట్టూ తిరిగాడు. డ్రైవరు హారన్ కొట్టాడు, తిట్టాడు, మళ్లీ కొట్టాడు.

"జల్ది జెప్పరాదే," అని ఎవరో అరిచారు.

సమ్మన్న నేల మీద మోకాళ్లూనుకొని ట్రాలీ కిందికి తల పెట్టాడు. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. ఆ గడ్డిని చేతులతో ఒక పక్కకు తోస్తున్నాడు. డ్రైవరు విసుగొచ్చి ఇంజను ఆపి, దిగి, గట్టు మీద కూర్చొని బీడీ ముట్టించుకున్నాడు. అంబిక వడ్లను తొక్కకుండా అంచు వెంబడి నడుచుకుంటూ అటు వెళ్లింది. తనూ వంగి, ట్రాలీ రెండో వైపు నుంచి చూసింది.

"ఎవరు లేరన్నా," అంది. "నేనూ సూసిన. ఎవరు లేరు."

సమ్మన్న విన్నాడు. గడ్డి తోయడం మాత్రం ఆపలేదు.